గోధుమరంగు వైరు, ఆకుపచ్చ వైరు

పందొమ్మిదో ఏటి దాకా ఎమిల్ రైష్, లోకం తన కంటికి ఎలా ఉంటుందో అందరి కంటికీ అలాగే ఉంటుందనుకున్నాడు. అలా అనుకోకపోవడానికి కారణమూ లేదు. అమెరికాలో బిగ్‌హార్న్ కొండలకు పడమటి పక్కన, ఆల్డర్ బెండ్ ఊరికి ఆనుకుని, తండ్రి చక్కెరదుంపల పొలంలో పెరిగినవాడు. దుంపాకు ఏ రంగు, మట్టి ఏ రంగు అని అక్కడ ఎవరూ అడగరు. కలుపు తియ్యమంటారు, తీస్తాడు.

కాకపోతే కరెంటు పనంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. పాడైన రేడియో ఎక్కడ కనపడినా విప్పేవాడు. రైల్వేవాళ్ళు సిగ్నల్ దీపాలు బాగుచేసే మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి, తండ్రి కోటు వేసుకుని వెళ్ళాడు. రాతపరీక్ష బాగా రాశాడు, చేతిపని ఇంకా బాగా చేశాడు. ఆఖర్న డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు నిండా చుక్కలున్న పుస్తకం ఒకటి తెరిచి పెట్టాడు.

"ఈ పేజీలో అంకె ఎంత?"

"అంకె లేదండీ. చుక్కలున్నాయి."

డాక్టరు పేజీ తిప్పాడు. మళ్ళీ చుక్కలే. ఇంకో పేజీ తిప్పాడు. తర్వాత పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాబూ, ఎరుపుకీ ఆకుపచ్చకీ నీకు తేడా తెలియదు. ఎవరూ చెప్పలేదా?"

"తెలుసండీ. సిగ్నల్లో పైనుండేది ఎరుపు, కిందుండేది ఆకుపచ్చ."

డాక్టరు నవ్వలేదు. బయట ఇంకా చాలామంది కుర్రాళ్ళు వరసలో ఉన్నారు. ఎమిల్ కోటు గుండీలు పెట్టుకుని ఇంటికి వచ్చి, "ఖాళీలు అయిపోయాయట" అన్నాడు తండ్రితో. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకేదో రోగముందని, అది బయటపడితే ఊళ్ళో తలెత్తుకోలేనని అతని భయం.

కొన్నేళ్ళు చక్కెర ఫ్యాక్టరీలో బస్తాలు మోశాడు. తర్వాత ట్రాక్టర్లు బాగుచేసే షాపులో చేరాడు. ఎర్రజుట్టు లొరేనాని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయిన మొదటి వేసవిలో ఆవిడ, పెరట్లో టమాటాలు కోసుకురమ్మని పంపింది. ఎమిల్ బకెట్ నిండా కోసుకొచ్చాడు. ఆవిడ బకెట్లోకి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదేం కోత ఎమిల్? పండినవి చెట్టుకే వదిలేసి కాయలు కోసుకొచ్చావు."

"పెద్దవి చూసి కోశాను."

లొరేనా బకెట్లోంచి ఒక కాయ తీసి, చెట్టు నుంచి ఒక పండు కోసి చెరో చేతిలో పట్టుకుంది. "ఏది పండు?" ఎమిల్ చెయ్యి చాచి రెండూ నొక్కిచూడబోయాడు. ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది. "ముట్టుకోకుండా చెప్పు." ఎమిల్ చెప్పలేకపోయాడు. అప్పుడక్కడే, పెరట్లో నిలబడి, రైల్వే డాక్టరు సంగతంతా చెప్పేశాడు. లొరేనా అంతా విని తన జుట్టు ముందుకు లాక్కుంది.

"మరి నా జుట్టో? ఊరంతా ఎర్రజుట్టు పిల్ల అనేవాళ్ళు నన్ను. నీకది ఏ రంగులో కనపడుతుంది?"

"ఏ రంగో తెలియదు. బాగుంటుంది మాత్రం."

"సరే పద," అంది ఆవిడ. "టమాటాలు నేను కోసుకుంటాలే."

ఆ రోజుల్లోనే పల్లెల్లో పికప్పు బండ్ల వెనక ట్రెయిలర్లు తగిలించుకుని తిరగడం ఎక్కువైంది. గుర్రాలకో ట్రెయిలరు, గొర్రెలకో ట్రెయిలరు, గడ్డికి వేరే. వాటికి లైట్లు, పెద్దవాటికి కరెంటు బ్రేకులు. పికప్పు నుంచి ప్లగ్గు ద్వారా వెళ్ళే వైర్లే వాటికి ప్రాణం. బురద, ఉప్పు, మంచు, ఎలుకలు, అన్నీ ఆ వైర్ల మీదే పడేవి. బాగుచేసేవాళ్ళు తక్కువ. ఎమిల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని, ట్రెయిలర్ల లైట్లు, బ్రేకులు చూస్తానన్నాడు.

ఆ వైర్లకు పద్ధతి ఒకటుంది. తెల్లది ఎర్తు, నీలం బ్రేకులకు, పసుపు ఎడమ సిగ్నలుకు, ఆకుపచ్చ కుడి సిగ్నలుకు, గోధుమరంగు వెనక దీపాలకు. తెలుపు, నీలం, పసుపు ఎమిల్‌కి చక్కగా కనపడతాయి. గోధుమరంగు, ఆకుపచ్చ రెండూ ఒక్కలాగే కనపడతాయి, కవల పిల్లల్లాగా. మొదటి వారంలోనే దెబ్బ తగిలింది. ఊళ్ళో పాడైన బండ్లను లాక్కొచ్చే లారీ నడిపే ఆల్విన్ నౌబ్, తన ట్రెయిలరుకు కొత్త లైట్లు పెట్టించుకుని వెళ్ళాడు, తెల్లారి మళ్ళీ వచ్చాడు.

"ఏం చేశావయ్యా నా బండిని? హెడ్‌లైట్లు వేస్తే వెనక కుడిపక్క లైటు బ్రేకేసినట్టు మండిపోతోంది. పోనీ కుడికి తిరుగుదామని సిగ్నల్ వేస్తే వెనకున్నవన్నీ కలిసి కన్ను కొడుతున్నాయి. నా వెనకాలే వచ్చింది ఎవరనుకున్నావు? పాస్టర్ గారి భార్య. ఆవిడ ఇక నా మొహం చూస్తుందా?"

ఎమిల్ సర్ది పంపించాడు. ఆల్విన్ ఈ కథ ఊరంతా చెప్పుకుని నవ్వించాడు గానీ, అది ఏమరుపాటు అనే అందరూ అనుకున్నారు. ఆ రోజు నుంచి లొరేనా వంటపని అయ్యాక ఊలు, సూదులు తీసుకుని షెడ్డులోకి వచ్చి, బకెట్ బోర్లించుకుని కూర్చునేది. ఎమిల్ ఒక్కో వైరూ పైకి ఎత్తి చూపిస్తే, గోధుమరంగు వైరుకి ఊలుతో చిన్న ముడి వేసేది. చూసేవాళ్ళు, మొగుడంటే ఎంత ప్రేమ, పక్కనుంచి కదలదు అనుకునేవాళ్ళు. అదీ అబద్ధం కాదు.

ఆవిడ లేనప్పటికి ఎమిల్ తన పద్ధతి తాను చూసుకున్నాడు. పదునైన మొన, వెనక చిన్న బల్బు, ఎర్తుకి తగిలించే తోక ఉన్న టెస్ట్ ల్యాంపు ఎప్పుడూ జేబులో ఉండేది. పికప్పులో ఒక్కో స్విచ్చీ వేసి ప్రతి వైరునూ పొడిచి చూసేవాడు. బల్బు వెలిగితే ఆ వైరు దేనిదో తేలినట్టే. దీనివల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. రైతులు తెగిన వైరును చేతికందిన ముక్కతో అతుకేసుకుంటారు. ముందు పసుపు, మధ్యలో నలుపు, చివర దీపావళి పండగలాగా మూడు రంగులు. రంగును నమ్ముకున్న మెకానిక్కు అక్కడ తప్పిపోయేవాడు. రంగును నమ్మే వీలే లేని ఎమిల్ తప్పిపోయేవాడు కాదు. మసక దీపాలు, తోచినప్పుడే వెలిగే దీపాలు, ఏవైనా సరే అతని దగ్గరికి తీసుకెళ్ళమనే మాట స్థిరపడిపోయింది. అలా పాతికేళ్ళు గడిచాయి. లొరేనా బడి వంటశాలలో పనికి చేరింది. షెడ్డులో కూర్చోవడం తగ్గింది. రహస్యం మాత్రం వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయింది.

కొండవాలులో గొర్రెల మంద ఉన్న గ్రాసియానా ఎచెపారే ఎమిల్‌కి పాత ఖాతాదారు. ఐరోపా కొండల నుంచి వచ్చిన బాస్క్ కాపరుల పిల్ల, తండ్రి పోయాక మందనూ తమ్ముణ్ణీ ఒక్కచేత్తో లాక్కొచ్చింది. పెద్ద గొంతు, చేతికి పని లేకపోతే నిలవలేని మనిషి. తమ్ముడు బెన్యాత్ నెమ్మదస్తుడు, ఎప్పుడూ ఏదో ఈలపాట. 1978 జూన్‌లో, గొర్రెల్ని పైకి మేపుకు పంపేముందు, గ్రాసియానా తన పెద్ద ట్రెయిలరు తెచ్చి షెడ్డు ముందు ఆపింది.

"లైట్లన్నీ కొత్తవి వేయండి, ప్లగ్గు మార్చండి. బ్రేకులు కూడా ఓసారి చూడండి. ఆ కొండ దిగేది మా వాడు."

లొరేనా అప్పుడు చెల్లెలి కూతురి పురుడని బిల్లింగ్స్ పట్నం వెళ్ళి ఉంది. ఎమిల్ ఒక్కడే పని చేశాడు. లైట్లన్నీ వెలిగాయి. చక్రాలు పైకెత్తి, తిప్పుతూ బ్రేకు వేసి చూశాడు. నాలుగూ పట్టాయి. బాగుందని చెప్పి పంపాడు.

సెప్టెంబరులో బెన్యాత్ పైనుంచి పొట్టేళ్ళను ఎక్కించుకుని దిగుతుంటే, లోయ దారిలో ట్రెయిలరు బ్రేకులు పోయాయి. వెనకున్న బరువు పికప్పును తోసుకుంటూ వచ్చింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బెన్యాత్ స్టీరింగు కొండ వైపు తిప్పి కంకర గట్టులోకి పోనిచ్చాడు. ప్రాణం దక్కింది. కాలు రెండుచోట్ల విరిగింది. పొట్టేళ్ళు కొన్ని చచ్చిపోయాయి.

బండిని ఆల్విన్ తన లారీతో లాక్కొచ్చి ఊరి చివర తన ఆవరణలో పడేశాడు. మర్నాడు హైవే పోలీసాయన అక్కడికి ఎమిల్‌ని పిలిపించాడు. గ్రాసియానా ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి, కోటు కూడా విప్పకుండా నిలబడి ఉంది. పోలీసాయన మంచివాడే. తప్పు పట్టాలని రాలేదు. ప్లగ్గు దగ్గర తెగి వేళ్ళాడుతున్న వైర్లను చూపిస్తూ ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు.

"నీలంది బ్రేకులకు, అంతే కదా? ఇది తెగింది దేనిది?"

ఆయన చేతిలో చిన్న ముక్క. రెండో కొస మట్టిలో ఎక్కడో ఉంది. ఎమిల్ చెయ్యి జేబులో టెస్ట్ ల్యాంపు మీదికి వెళ్ళింది. చచ్చిన వైరులో ల్యాంపు ఏం చెబుతుంది?

"అది ఆకుపచ్చ కదండీ. కుడి సిగ్నలుది."

ఆల్విన్ వంగి చూశాడు.

"ఎమిల్, అది గోధుమరంగు."

"ఎండలో సరిగా కనపడలేదు."

"ఎండ నీ వెనకుంది," అన్నాడు ఆల్విన్. ఎగతాళికి అన్నది కాదు. అతనికే ఏదో అర్థమవుతున్నట్టు గొంతు తగ్గింది. పాస్టర్ గారి భార్య సంగతి గుర్తొచ్చి ఉంటుంది.

గ్రాసియానా ముందుకొచ్చింది. "మీకు రంగులు తెలియవా?"

ఎమిల్ నేల చూపులు చూశాడు. "ఆ రెండూ తెలియవు. ఎరుపు కూడా అంతంత మాత్రమే."

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి."

"నా తమ్ముణ్ణి కూర్చోబెట్టి కొండ మీదికి పంపిన బండికి వైర్లు కలిపింది రంగులు తెలియని మనిషా?" అంది గ్రాసియానా. ఆవిడ పెద్ద గొంతు ఆ మాటకు పైకి లేవలేదు. అదే ఎమిల్‌కి ఎక్కువ గుచ్చుకుంది. "నువ్వు ఎందరి బండ్లు చూశావు ఈ ఊళ్ళో? ఎందరి పిల్లలు వాటిలో తిరుగుతున్నారు?"

సంగతి మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. ఆల్విన్ చెప్పాడో, ఎవరు చెప్పారో. శరత్కాలంలో షెడ్డు ముందు బండ్లు బారు తీరే రోజులవి. ఒక్కటీ రాలేదు. వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు, బాగుచేయమని ఇచ్చిన ట్రెయిలర్లు అలాగే తీసుకుపోవడానికి వచ్చారు. "ఊరికే, తొందరేం లేదులే" అంటూ మొహం పక్కకు తిప్పుకున్నారు.

ఎమిల్ షెడ్డులో ఖాళీగా కూర్చునేవాడు. జూన్‌లో చేసిన పనిని మనసులో మళ్ళీ మళ్ళీ చేసుకుంటూ, ఒక్కో అతుకూ తడుముకునేవాడు. లొరేనా క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు పళ్ళెంలో పెట్టి తెచ్చి, ఎదురుగా ఆ పాత బకెట్ మీద కూర్చుంది.

"నీలం నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"బ్రేకులది నీలమే కదా?"

"అవును."

"మరెందుకు ఇలా అయిపోతున్నావు?"

"నువ్వు ఇక్కడ లేవు లొరేనా. ఒక్కణ్ణే చేశాను. ఎక్కడన్నా, ఎవడన్నా వేసిన పాత అతుకులో ఏదన్నా పొరబడ్డానేమో. చూస్తే గానీ నాకు తెలియదు."

"అయితే వెళ్ళి చూడు."

"రానిస్తుందా ఆవిడ?"

"రానివ్వకపోతే గేటు దగ్గర నిలబడు. ఇక్కడ కూర్చోవడం కంటే నయమే కదా," అంది లొరేనా. "నేనూ వస్తాను. బన్నులు మూట కడతాను. ఇంట్లో రోగి ఉన్నాడు, వట్టి చేతుల్తో ఎలా వెళతాం?"

గ్రాసియానా గేటు దగ్గరే ఆపేసింది. ఆవిడ ఆవరణలో ఓ పక్కన ట్రెయిలరు నిలబెట్టి ఉంది. ముందుభాగం నొక్కుకుపోయినా, చక్రాలూ ఇరుసులూ కుదురుగానే ఉన్నాయి. అదే వేళకు ఆల్విన్ ఆవిడ పికప్పుకు బంపరు బిగించి దింపడానికి వచ్చి, లారీకి ఆనుకుని కాఫీ తాగుతున్నాడు.

"చూసి ఏం చేస్తావు?" అంది గ్రాసియానా. "నీ తప్పేం లేదని చెప్పిపోతావా?"

"ఉంటే ఉందని చెబుతాను."

ఇంటి వరండాలో, చాచిన కాలికి పిండికట్టుతో కూర్చున్న బెన్యాత్ అక్కణ్ణుంచే కేకేశాడు. "చూడనీ అక్కా. నాకూ తెలుసుకోవాలనుంది. అసలేం జరిగిందని అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పాలో నాకే తెలియదు."

ఎమిల్ టోపీ తీసి వరండా మెట్ల దగ్గరికి వెళ్ళాడు. ముందు కాలు ఎలా ఉందని అడిగాడు. తర్వాత, "బ్రేకులు మొదటి నుంచీ లేవా, మధ్యలో పోయాయా?" అన్నాడు.

"పై మలుపుల్లో గట్టిగానే పట్టాయి. వంతెన ఉంది చూడండి, రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటుంది, అక్కడ పోయాయి. పోయి మళ్ళీ ఒక్క క్షణం పట్టాయి. ఒక్కసారిగా గుంజేసరికి నా తల వెళ్ళి సీటుకి కొట్టుకుంది. తర్వాత ఇక లేవు."

ఎమిల్ అలాగే నిలబడిపోయాడు. వైర్లు తప్పుగా కలిపితే ఇంటి దగ్గర నుంచే తప్పుగా ఉంటాయి. వచ్చి పోయే జబ్బు వేరే జబ్బు. ఎన్నాళ్ళ నుంచో బిగబట్టుకున్న ఊపిరి వదిలాడు. వదిలిన మరుక్షణం, మరి జూన్‌లో ఆ జబ్బు తనకెందుకు దొరకలేదన్న ఆలోచన వచ్చి మళ్ళీ బిగబట్టాడు.

పికప్పును ట్రెయిలరుకు తగిలించారు. తెగిన వైర్లను ఎమిల్ కలుపుతుంటే, లొరేనా అందరూ చూస్తుండగానే పక్కన వంగి, "ఇది గోధుమ, ఇది ఆకుపచ్చ" అని పైకే చెప్పింది. ఇక దాచేదేముంది. బ్రేకుల నీలం వైరు మధ్యలో మీటరు పెట్టాడు. స్టీరింగు కింద చేత్తో నొక్కి ట్రెయిలరు బ్రేకు వేసే మీట ఉంటుంది. బెన్యాత్ చంకకర్రల మీద వచ్చి సీట్లో కూర్చుని ఆ మీట నొక్కాడు. మీటరు ముల్లు ఎంత లేవాలో అంతే లేచి, కదలకుండా నిలబడింది.

"బాగానే ఉందంటావు. ఇంతేగా?" అంది గ్రాసియానా.

"ఖాళీగా, కదలకుండా ఉంటే బాగుంది. ఆ రోజు కొండ మీద ఖాళీగా లేదు, కదలకుండానూ లేదు. లోపల బరువుండాలి. ఆ బరువు గెంతాలి."

"నా గొర్రెల్ని గెంతమంటే గెంతుతాయా?"

ఎమిల్ ఆల్విన్ వైపు చూశాడు. ఆల్విన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "నా వంక ఎందుకు చూస్తున్నావు?"

"నువ్వు మూడు పొట్టేళ్ళంత ఉంటావు ఆల్విన్," అంది లొరేనా. "ఎక్కు."

ఆల్విన్ ఎక్కాడు. లొరేనా ఎక్కింది. కాసేపు చేతులు కట్టుకుని చూసి గ్రాసియానా కూడా ఎక్కింది. ముగ్గురూ ఇనపకమ్మీలు పట్టుకుని, మొదట సిగ్గుపడుతూ, తర్వాత కలిసి గెంతారు. ట్రెయిలరు మూలిగింది. ముల్లు నిలకడగానే ఉంది.

"ఇంకా గట్టిగా," అన్నాడు ఎమిల్.

"నాకు మోకాళ్ళు రెండే ఉన్నాయయ్యా," అని ఆల్విన్ ఒక్కసారి పైకి లేచి దబ్బున దిగాడు. మీటరు ముల్లు చివరిదాకా ఎగిరి, పక్కనున్న మేకుకు కొట్టుకుంది. "పోయింది," అని అరిచాడు బెన్యాత్, కరెంటు ఉన్నంతసేపూ బ్రేకులు చేసే సన్నని మోత ఆగిపోవడం విని. మళ్ళీ గెంతారు. మళ్ళీ ఎగిరింది. గ్రాసియానా గెంతడం ఆపి, కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తమ్ముడి ముఖంలోకి చూస్తోంది. ఆ రోజు వాడి కాలి కింద జరిగింది ఇదే కదా అన్నట్టు.

ఎమిల్ కింద దూరాడు. ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి బ్రేకు వైరు బోలుగా ఉన్న ఇరుసు గొట్టంలో నుంచి వెళుతుంది. వెనక ఇరుసు వైరు విప్పి గెంతమన్నాడు, ముల్లు ఎగిరింది. అది కలిపి ముందు ఇరుసుది విప్పి గెంతమన్నాడు, ముల్లు కదల్లేదు. ముందు గొట్టంలోని వైరును మెల్లగా బయటికి లాగి, బొటనవేలితో తడుముకుంటూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. గొట్టం రంధ్రం అంచుకు ఏళ్ళ తరబడి ఒరుసుకుని, పైతొడుగు అరిగిపోయి రాగి తేలింది. ఇరుసు బరువుతో వంగి అదిరినప్పుడల్లా ఆ రాగి ఇనుముకు తగులుతుంది. బ్రేకులకు పోవలసిన కరెంటంతా అక్కడే నేలపాలవుతుంది.

బయటికి వచ్చి ఆ వైరును గ్రాసియానా చేతిలో పెట్టాడు. ఆవిడ చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"ఇది నువ్వు వేసిందా?"

"కాదు. బండితో పాటు వచ్చిందే. అరిగిపోయింది." ఎమిల్ చేతులు తుడుచుకున్నాడు. అక్కడితో ఆపెయ్యవచ్చు. లొరేనా అతని ముఖం చూసి, ఆపడని తెలుసుకుంది. "కానీ జూన్‌లో బ్రేకులు చూడమన్నారు మీరు. నేను ఖాళీ బండిని నిలబెట్టి చూసి బాగుందన్నాను. ఈ గొట్టంలోకి చూడలేదు. రంగులు తెలియక జరిగింది కాదిది. చూడక జరిగింది."

గ్రాసియానా వైరును వేలికి చుట్టుకుంటూ, "రంగుల సంగతి ముందే చెప్పి ఉంటే నీ దగ్గరికి వచ్చేదాన్నే కాదు," అంది.

"అందుకే చెప్పలేదు."

పికప్పులో నుంచి బెన్యాత్ నవ్వు వినిపించింది. బండి గట్టులోకి దూసుకుపోయాక వాడు నవ్వడం అదే మొదలు. గ్రాసియానా అటు తిరిగి, ఇటు తిరిగి, "ఆ బన్నులు చల్లారిపోతున్నాయి, లోపలికి రండి అందరూ," అంది. తింటున్నప్పుడు ఎమిల్‌తో మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం గేటు దాకా వచ్చింది.

"రెండు ఇరుసులకూ కొత్త వైరు వేయి. గొట్టం లోపల వద్దు, బయట నుంచి వేయి. వేశాక నా పక్కన కూర్చుని కొండ దిగుతావు, గొర్రెలతో. అప్పుడు చెబుతాను నేను నీ దగ్గరికి రావాలా వద్దా."

అక్టోబరులో పైన మిగిలిన ముసలి గొర్రెల్ని దింపడానికి ఇద్దరూ వెళ్ళారు. ఇన్నేళ్ళలో ఎన్నో ట్రెయిలర్ల బ్రేకులు చూసిన ఎమిల్, నిండు ట్రెయిలరు వెనక పెట్టుకుని ఆ దారి దిగింది లేదు. మొదటి మలుపులోనే అతనికి తెలిసింది, వెనకున్న బరువు వీపు మీద చెయ్యి వేసినట్టుంటుందని. అది తొయ్యదు. తోస్తానని బెదిరించి ఊరుకుంటుంది. అతని కుడికాలు తనంతట తానే నేలను తొక్కసాగింది.

"నేల పగలగొట్టకు. పికప్పు నాది," అంది గ్రాసియానా రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

వంతెన వచ్చింది. బండి ఎగిరింది, వెనక గొర్రెలు అరిచాయి. గ్రాసియానా బ్రేకు నొక్కింది. ట్రెయిలరు మెత్తగా వెనక్కి పట్టి ఉంచింది. కంకర గట్టులో పెద్ద గాడి పడి ఉన్నచోట ఇద్దరూ అటు చూడలేదు. ఎమిల్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఇలాంటి దారిలో దిగేవాళ్ళకు, తన షెడ్డు ముందు చదును నేల మీద చక్రం తిప్పి చూసి, బాగుంది పొమ్మని చెబుతూ వచ్చాడు ఇన్నాళ్ళూ. మనసులో ఉన్న ఆ మాట పైకి అననే అన్నాడు.

"ఇప్పుడు తెలిసిందిగా," అంది ఆవిడ. కోపంగా ఏం లేదు. కొంచెం దూరం పోయాక, "ఆ చెట్లు నీకెలా కనపడతాయి?" అని అడిగింది. వాలంతా ఆస్పెన్ చెట్ల ఆకులు పండి పసుపెక్కి ఉన్నాయి.

"పసుపు నాకు బాగా కనపడుతుంది," అన్నాడు ఎమిల్. "మీ అందరికంటే బాగా కనపడుతుందేమో కూడా. పోల్చుకునేదెలా?"

కొండ దిగాక, చదును రోడ్డు మీద పికప్పు ఆపి, ఆవిడ స్టీరింగు మీద నుంచి చేతులు తీసి విదిలించుకుంది. సీటు కింద నుంచి రొట్టె, గొర్రెపాల జున్ను తీసి సగం అతనికిచ్చింది. మళ్ళీ వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. వారం తిరక్కుండా తన చిన్న ట్రెయిలరు తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టింది.

దాంతో ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అందరూ రాలేదు. కొందరు ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు, వాళ్ళను ఎమిల్ తప్పుపట్టలేదు. వచ్చినవాళ్ళకు ముందే చెప్పేవాడు, తనకు ఏ రంగులు తెలియవో. ఆల్విన్ షెడ్డు మీదికి కొత్త బోర్డు రాయించి తెచ్చాడు. గోధుమరంగు చెక్క మీద ఆకుపచ్చ అక్షరాలు. ఎమిల్ అది వట్టి చెక్కేననుకుని, ఎప్పుడు రాయిస్తావని నెల రోజులు ఆల్విన్‌ని అడుగుతూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళందరూ నవ్వు ఆపుకుంటూ పోయారు. చివరికి లొరేనా జాలిపడి చెప్పింది. అందులో ఏముందంటే, "ఇది చదవగలిగితే లోపల మీకంటే రంగులు తెలియనివాడున్నాడు, గెంతడానికి సిద్ధపడి రండి" అని. ఎమిల్ దాన్ని తీయించలేదు.

గెంతడం నిజంగానే పద్ధతి అయింది. బ్రేకులు చూడమన్న ప్రతి బండినీ నింపి, అదిరించి, ఆ తర్వాత యజమాని పక్కన కూర్చుని ఏదో ఒక వాలు దిగి వచ్చాకే బాగుందనేవాడు. పని ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్ళుండేవారు. అతను వినేవాడు కాదు.

బెన్యాత్ కాలు అతికింది గానీ పొట్టిగా అతికింది. బరువు బండి తీసుకుని మళ్ళీ ఆ కొండ దిగలేదు. అక్క ఎంత చెప్పినా వినలేదు. గొర్రెల కాన్పుల పని చూసుకుంటూ ఇంటి దగ్గరే ఉండిపోయాడు. ఈలపాట తిరిగి రావడానికి రెండు శీతాకాలాలు పట్టింది. అందుకని ప్రతి శరత్కాలంలో గ్రాసియానానే గొర్రెల్ని దింపేది. మొదటి విడత దింపే రోజు ఉదయం ఆవిడ పికప్పు షెడ్డు ముందు ఆగి హారన్ కొట్టేది. ఎమిల్ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి, లొరేనా కట్టిచ్చిన మూట ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చునేవాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడడం ఆపేసేవాళ్ళు. అది దాటాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.